నీటి ఒడ్డున ఒక రాత్రి
(కుటుంబముతో గుడారాల యాత్రకు సిద్ధపడువారికి మా అనుభవము)

సెలవులు వచ్చునప్పుడు ప్రతి ఇంటిలోను పిల్లలు అడిగే ప్రశ్న ఒకటే: "ఈసారి ఎక్కడికి పోదాము?" మా ఇంటిలో ఆ ప్రశ్నకు చాలా సంవత్సరాలుగా ఒకే జవాబు ఉండేది: "చూద్దాము." సేవలో ఉన్న కుటుంబములకు ఈ "చూద్దాము" బాగా తెలిసిన మాటే. క్రిస్మస్ నెల అంతా సంఘము పని. వేసవి వచ్చిందంటే పెళ్ళిళ్ళు, పిల్లల బైబిలు తరగతులు. ఆదివారము ఊరు విడిచి పోవుటకు వీలే లేదు. ఇట్లు చూస్తూ చూస్తూ ఉండగానే మా అమ్మాయి ఇంటర్మీడియట్‌కు వచ్చి హాస్టలులో చేరిపోయింది. చిన్నవాడికి పదేండ్లు నిండినవి.

మొన్న సంక్రాంతి సెలవులకు ముందు అమ్మాయి ఫోనులో ఒక మాట అన్నది: "డాడీ, వచ్చే సంవత్సరం నాకు ప్రవేశ పరీక్షలు. ఆ తరువాత ఎక్కడ సీటు వస్తదో తెలియదు. అందరం కలిసి ఒక్కసారన్నా ఏదైనా చెరువు ఒడ్డున గుడారం వేసుకొని ఉందాము." ఆ మాట విన్న తరువాత మరల "చూద్దాము" అనుటకు మాకు నోరు రాలేదు.

ఈ యాత్రను మేము ఎట్లు సిద్ధపరచుకున్నామో, ఎక్కడ జాగ్రత్తపడ్డామో, ఎక్కడ తప్పు చేశామో దాచకుండా వ్రాస్తున్నాము. మీలో ఎవరికైనా అక్కరకు వస్తుందని మా ఆశ.

గుడారము మనకు క్రొత్త కాదు

గుడారము వేసుకొని ఉండుట పట్నమువారి వేడుక అని కొందరు అనుకొందురు. నిజానికి మన పెద్దలు దానిని బాగా ఎరుగుదురు. వికారాబాద్ దగ్గర ధారూరులో నవంబరు నెలలో జరిగే మెథడిస్టు క్రైస్తవ జాతరకు మన ప్రాంతపు కుటుంబములు ఎడ్లబండ్లు కట్టుకొని పోయి, చెట్ల క్రింద గుడారములు వేసుకొని, రోజుల తరబడి అక్కడే వండుకొని తిని ఆరాధించిన సంగతి మన ముసలివారిని అడిగితే చెప్పుదురు. ఇప్పుడు బండ్లకు బదులు ఆటోలు, జీపులు వచ్చినవి గాని గుడారములు మాత్రము నేటికీ లేచుచున్నవి.

లేవీయకాండము 23వ అధ్యాయములోని పర్ణశాలల పండుగ కూడ ఇటువంటిదే. పంట ఇంటికి వచ్చిన తరువాత ఏడు దినములు ఇల్లు విడిచి ఆకుల పందిళ్ళలో ఉండవలెను. ఎందుకు? తమ పితరులు ఏ విధముగా ప్రయాణము చేసిరో పిల్లలకు తెలియుటకు. ఈ సంగతి మేము ఎన్నోసార్లు బోధించాము. కాని మా ఇంటి పితరుల ప్రయాణము మా పిల్లలకు చెప్పవలెనన్న ఆలోచన మాత్రము మాకు రాలేదు. అది ఎట్లు బయటపడినదో ముందుకు వ్రాస్తాము.

ఎక్కడికి పోవలెను?

మొదట స్థలములు వ్రాసుకున్నాము. మా ఝరాసంగము నుండి పోదగిన జలాశయములు నాలుగైదు కలవు.

మెదక్ దాటి ఉన్న పోచారం చెరువు 1922లో పూర్తి అయినది. దాని చుట్టూ అడవి, జింకలు ఉన్నవి. దారిలో 1924 క్రిస్మస్ దినమున ప్రతిష్ఠింపబడిన మెదక్ మహాదేవాలయమును కూడ చూడవచ్చును. కాని మాకు దూరము.

వికారాబాద్ జిల్లాలోని కోట్‌పల్లి జలాశయములో చిన్న పడవలు తెడ్డు వేసుకుంటూ నడుపుకొనే వసతి ఉన్నదని పిల్లలకు బాగా తెలుసు. సమీపమున అనంతగిరి కొండలు. అక్కడే మూసీ నది పుట్టినది. కాని సెలవు దినములలో జనము ఎక్కువ.

కర్ణాటక సరిహద్దు దాటితే చించోళి అడవిలో చంద్రంపల్లి జలాశయము. ఆ అడవిని 2011లో వన్యప్రాణుల అభయారణ్యముగా ప్రకటించినారు. అటవీశాఖ అనుమతి ముందుగా తీసుకొని పోవలెను.

ఇక మనకు అతి దగ్గరగా ఉన్నది సింగూరు. కట్ట పుల్కల్ మండలములో ఉన్నా, దాని వెనుక నీళ్ళు మన ప్రక్కనున్న రాయికోడు, న్యాల్‌కల్ మండలముల వరకు వస్తవి. మా సంఘములోని ఒక రైతు సోదరునికి ఆ నీటి అంచు పైన చేను కలదు. మా మాట విని ఆయన వెంటనే, "అయ్యగారూ, పైసలు పెట్టి ఎక్కడికో పోవుడెందుకు? మా చేనున్నది, బావిల నీళ్ళున్నవి, కావలికి మా తమ్ముడుంటడు. వచ్చి ఉండుండ్రి" అన్నాడు.

మేము సింగూరునే నిర్ణయించుకున్నాము. ఇక్కడ ఒక మాట. జలాశయపు గట్టు ఎవరిది కాదులే అని గుడారము వేయరాదు. నీటి అంచు భూమి ప్రభుత్వముది. అభయారణ్యమైతే అటవీశాఖది. సంగారెడ్డి దగ్గర మంజీర అభయారణ్యములో 1978 నుండి మొసళ్ళను కాపాడుచున్నారు. అటువంటి చోట రాత్రి గుడారము మాటే తలపెట్టరాదు. మనిషి తెలిసిన పట్టా చేనులో, అతని అనుమతితో, నీటికి దూరముగా ఉండుట మేలు.

మామగారి మాట

స్థలము నిర్ణయమైనదని సంతోషపడుచుండగా మా ఇంటావిడ, "నాయినను కూడ తీసుకుపోదాము" అన్నది. ఆయనకు డెబ్బది ఎనిమిదేండ్లు. ఐదేండ్లుగా మా దగ్గరే ఉంటున్నారు. అమ్మాయి వెళ్ళి అడిగింది. సింగూరు అన్న మాట వినగానే ఆయన ముఖము త్రిప్పుకొని, "నేను రాను బిడ్డా. ఆ నీళ్ళ కింద నా ఇల్లున్నది. ఆడికి పోయి పండుగ చేసుకుంటనా?" అన్నారు.

అది మాకు తెలియని సంగతి కాదు. పెండ్లి సంబంధము మాట్లాడిన దినముననే విన్నాము. కాని విని మరచితిమి. మా పిల్లలకైతే అసలు తెలియదు. వారికి సింగూరు అంటే బడి పుస్తకములోని ఒక ప్రాజెక్టు.

మంజీర నది మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండలలో పుట్టి, బీదరు ప్రాంతము మీదుగా మన జిల్లాలోకి వచ్చి, ఉత్తరమునకు తిరిగి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలియును. పొడవు దాదాపు 724 కిలోమీటర్లు. హైదరాబాదు నగరపు దాహము తీర్చుటకు ఈ నది మీద సింగూరు కట్టను 1980వ దశకములో కట్టినారు. నిండితే దాదాపు 30 టీఎంసీల నీరు నిలుచును. అంత నీరు నిలువవలెనంటే అంత భూమి మునుగవలెను గదా! నది ఒడ్డున తరతరాలుగా జొన్న, శనగ పండిన నల్లరేగడి చేలు, వాటితో పాటు ఊళ్ళు మునిగినవి. అందులో మా మామగారి ఊరు ఒకటి. నాలుగు ఎకరముల చేను, మట్టిగోడల ఇల్లు, ఇంటి ముందు వేపచెట్టు, ఆదివారము కూడుకునే చిన్న ప్రార్థన గది, అన్నియు పోయినవి. ఆ తరువాత ఆయన ఇతరుల చేలలో పనిచేసి పిల్లలను పెంచినారు. నీళ్ళు వచ్చిన తరువాత ఆ వైపు ఆయన అడుగు పెట్టలేదు.

మా ఇంటావిడ రెండు దినములు మౌనముగా ఉన్నది. మేము, "సరే, చోటు మార్చుకుందాము" అన్నాము. ఆమె ఒప్పుకోలేదు. "చోటు మారిస్తే పిల్లలకు ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. నాయినను బలవంతము చేయవద్దు. కాని మనము పోదాము. పోయే దినము వరకు ఆయన గొంగడి కూడ మూటలో పెట్టే ఉంచుతాను" అన్నది. ఆమె అట్లే చేసింది. బయలుదేరే దినము ఉదయము మామగారు ఏమియు మాట్లాడక, చేతికర్ర తీసుకొని, వచ్చి బండిలో ముందు సీటులో కూర్చున్నారు. ఎందుకు మనసు మార్చుకున్నారో ఎవరమూ అడుగలేదు.

ఎప్పుడు, ఎన్ని దినములు?

మన ప్రాంతములో గుడారాల యాత్రకు డిసెంబరు, జనవరి మాసములు అనుకూలము. వానలు ఉండవు, ఎండ మెత్తగా ఉండును, నీళ్ళు నిండుగా ఉండును, దూరదేశపు పక్షులు వచ్చి ఉండును. వేసవిలో ఎండ ఓర్వరానిది. నీరు కూడ వెనుకకు పోవును. 2015, 2016 సంవత్సరముల కరువులో సింగూరు ఎండిపోయి నగరమునకు నీరు ఆగిపోయిన సంగతి మీకు గుర్తుండవచ్చును. 2016 సెప్టెంబరు వానలకు గాని మరల నిండలేదు.

కాని చలిని తక్కువగా తలంచరాదు. రాష్ట్రములో అతి తక్కువ ఉష్ణోగ్రతలు నమోదయ్యే చోట్లలో మన ప్రక్కనున్న కోహీర్ ఒకటి. నీటి ఒడ్డున తెల్లవారుజామున చలి ఇంకను ఎక్కువ. మనిషికి రెండు దుప్పట్లు, క్రింద మందపాటి పరుపు లేక వరిగడ్డి, చెవులకు మఫ్లరు తప్పక ఉండవలెను. చలి పైనుండి కంటె నేల నుండి ఎక్కువగా వచ్చును.

మొదటిసారి పోవువారు ఒక్క రాత్రికే పోవలెనని మా సలహా. మేము శుక్రవారము మధ్యాహ్నము చేరి శనివారము మధ్యాహ్నము తిరిగి వచ్చాము. ఆదివారపు ఆరాధనకు ఆటంకము కలుగలేదు.

మూటలో ఏమి ఉండవలెను?

రెండు గుడారములు జహీరాబాదులోని స్నేహితుల దగ్గర ఎరువు తెచ్చుకున్నాము. వంటకు, సామానుకు ఒక టార్పాలిన్, నాలుగు వెదురు కర్రలు, నులక తాళ్ళు మా ఇంటివే. గుడారములను ముందుగా ఇంటి వాకిట్లో వేసి చూచుకొనుడి. మేము అట్లు చూచినందువలన ఒక గుడారమునకు మేకులు తక్కువ ఉన్నట్లు ఇంటి దగ్గరే తెలిసినది.

నీళ్ళు: త్రాగుటకు, వంటకు మనిషికి దినమునకు ఐదు లీటర్ల చొప్పున లెక్క వేసుకున్నాము. జలాశయపు నీటిని నేరుగా త్రాగరాదు.

భోజనము: ఇంటిలో ముందే చేసుకున్న జొన్నరొట్టెలు, ఎల్లిగడ్డ కారము, పల్లీల పొడి, సకినాలు. రాత్రికి అన్నము, పప్పు అక్కడే. జొన్నరొట్టె రెండు దినములైనను చెడదు. రైతు సోదరుడు చేనులోని లేత జొన్న కంకులు కాల్చి ఊచ బియ్యము నలిపి పెట్టినాడు. ఏ హోటలులోను దొరకని రుచి అది.

వెలుతురు: మనిషికి ఒక టార్చిలైటు. ఫోను వెలుతురును నమ్ముకొనరాదు.

మందులు: జ్వరమునకు, విరేచనములకు మాత్రలు, ఓఆర్ఎస్ పొట్లములు, దెబ్బలకు పట్టీలు, దోమల మందు, ఇంటిలో వాడే బీపీ మాత్రలు. పాము కరచినచో కట్టు బిగించుట, కోయుట, నాటువైద్యము ఏదియు చేయరాదు. కదలనీయక పడుకోబెట్టి 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చవలెను. మేము జహీరాబాద్ ఏరియా ఆసుపత్రికి పోవు దారిని, పట్టు సమయమును ముందే తెలిసికొన్నాము. ఫోనుకు సిగ్నలు ఎక్కడ వచ్చునో చేరిన వెంటనే చూచుకున్నాము.

నిప్పు: ఎండిన గడ్డిని చుట్టూ గీకివేసి, చిన్న గుంట తీసి, అందులోనే పొయ్యి పెట్టవలెను. ప్రక్కన బక్కెట నీళ్ళు ఉండవలెను. పడుకొనుటకు ముందు నిప్పు మీద నీళ్ళు పోసి చేతితో తాకి చూడవలెను.

మరుగుదొడ్డి: నీటికి కనీసము నూరు అడుగులు నడచి, జానెడు లోతు గుంట తీసి, మట్టి కప్పవలెను. పాత్రలను జలాశయములో కడుగరాదు, సబ్బు కలుపరాదు. ఈ నీరు ఎన్నో ఊళ్ళవారు త్రాగు నీరు. చెత్తను సంచిలో కట్టి తిరిగి ఇంటికే తెచ్చుకోవలెను.

మొత్తము ఖర్చు, బండి డీజిలుతో కలిపి, నాలుగు వేల రూపాయలకు లోపే అయినది.

నీటి దగ్గర నియమములు

ఇది అన్నిటికంటె ముఖ్యమైన భాగము. తల్లిదండ్రులు దయచేసి నెమ్మదిగా చదువవలెను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించిన నివేదిక ప్రకారము 2021 సంవత్సరములో ప్రపంచమంతటా సుమారు మూడు లక్షల మంది నీట మునిగి చనిపోయినారు. వారిలో దాదాపు సగము మంది ముప్పది ఏండ్లలోపువారు. 2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నదిలోకి పైనున్న ఆనకట్ట నుండి నీరు వదలగా, ఒడ్డున ఫోటోలు తీసుకొనుచున్న హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది కొట్టుకొనిపోయిన సంగతిని మరువగలమా? 2023 జనవరిలో కోట్‌పల్లి జలాశయములో ఒకే కుటుంబమునకు చెందిన నలుగురు మునిగిపోయినారు. వారందరు కూడ సంతోషముగా గడుపవలెనని ఇంటినుండి బయలుదేరినవారే.

మేము పెట్టుకున్న నియమములు ఇవి:

1. కట్టకు దిగువన, గేట్ల క్రింద ఎన్నడును గుడారము వేయరాదు, దిగరాదు. నీరు చెప్పి రాదు.

2. గుడారము నీటి అంచుకు కనీసము రెండు వందల అడుగుల దూరములో, మెరక మీద ఉండవలెను.

3. ఎవరును ఈదరాదు. ఈత వచ్చినవారు కూడ ఈదరాదు. జలాశయము అడుగున పాత బావులు, చెట్ల మొద్దులు, గోడలు ఉండును. చేపల వలలు కాళ్ళకు చుట్టుకొనును.

4. మంజీరలో మొసళ్ళు ఉన్నవి. చలికాలములో ఎండ కాచుకొనుటకు ఒడ్డుకు వచ్చును. తెల్లవారుజామున, సందెవేళ, రాత్రి నీటి దగ్గరకు పోరాదు. కోడిని, చేపను నీటి ఒడ్డున శుభ్రము చేయరాదు.

5. పిల్లలు దాటకూడని హద్దును తాడు కట్టి చూపించవలెను.

6. ఎప్పుడైనను పెద్దవారిలో ఒకరు పిల్లలను చూచుటయే పనిగా ఉండవలెను. ఆ సమయములో వారు ఫోను చూడరాదు, వంట చేయరాదు.

ఇవన్నియు ఒక కాగితము మీద వ్రాసి గుడారమునకు గుచ్చినాము. అయినను తప్పు జరిగినది.

ఆ సాయంత్రము

చేరగానే గుడారములు వేసి, తాడు కట్టి, టీ త్రాగినాము. నీటి మీద నత్తగుల్ల కొంగలు, దూరమున తలమీద రెండు నల్లని పట్టెలున్న బాతుల గుంపు కనబడినది. ఆ బాతులు హిమాలయములను దాటి వచ్చునని అమ్మాయి తమ్మునికి చెప్పుచుండెను. మామగారు చేను గట్టు మీద కూర్చొని నీళ్ళవైపు చూస్తూ ఉన్నారు. మేము పలకరించలేదు.

సుమారు నాలుగున్నరకు పొయ్యి సరిగా అంటుకొనలేదు. పిల్లలను చూచుట మా వంతు. ఇంటావిడ పిలిచినదని మేమును పొయ్యి దగ్గరకు పోయి ఊదుచు కూర్చున్నాము. అమ్మాయి నీళ్ళు తెచ్చుటకు బావికి పోయినది. ఆరవ నియమము కాగితము మీదనే ఉండిపోయినది.

"డాడీ!" అన్న కేక విని చూచితిమి. చిన్నవాడు బాతులను దగ్గరగా చూడవలెనని తాడు క్రిందుగా దూరి, నీటి అంచు వైపు పోయినాడు. నీటిలోకి దిగలేదు. కాని నీరు వెనుకకు తగ్గిన చోట ఒండ్రుమట్టి పైన ఎండి బీటలు వారి గట్టినేల వలె కనబడును. ఆ పెంకు విరిగి వాడు తొడల వరకు దిగబడినాడు. కాలు పైకి తీయుటకు తన్నుకొనుచుండగా ఇంకను దిగుచున్నాడు. మేము పరుగెత్తి రెండు అడుగులు వేసితిమో లేదో మా కాళ్ళును మోకాళ్ళ వరకు దిగబడినవి.

అప్పుడు వెనుకనుండి మామగారి గొంతు వినబడినది. అంత పెద్ద గొంతు ఆయనకు ఉన్నదని మాకు తెలియదు. "ఎవ్వరు ముందటికి పోవద్దు! బిడ్డా, తన్నుకోకు! పొట్ట మీద పండుకో! చేతులు జాపు!" వాడు భయముతోనే అట్లు చేసినాడు. కదలిక ఆగగానే దిగుట ఆగినది. మామగారు తన గొంగడిని మట్టి మీద పరచి, టార్పాలిన్‌కు కట్టిన వెదురు కర్రను ఊడదీయించి, దాని మీదుగా వాడికి అందించినారు. మేము వెనుకకు వాలి కాళ్ళు తీసుకొని, రైతు సోదరుని తమ్మునితో కలిసి కర్రను మెల్లగా లాగినాము. ఐదు నిమిషములు పట్టెనేమో, మాకు మాత్రము చాలా సేపు అనిపించినది. వాడు చెప్పులు అక్కడే వదలి, మెడ వరకు మట్టితో బయటికి వచ్చినాడు.

వాడిని తల్లి పట్టుకొని ఏడ్చుచుండగా మామగారు ఆయాసపడుచు అన్న మాట ఇది: "ఒండ్రు మీద నిలబడితె మింగుతది, పండుకుంటె మోస్తది. ఈ మట్టి నాకెరుకే. ఇది మా రేగడి."

తప్పు చిన్నవానిది కాదు, మాది. నీటికి హద్దు పెట్టాము గాని మట్టిని లెక్కచేయలేదు. నియమము వ్రాసినవారమే దానిని విడిచిపెట్టాము. చదువువారు ఏడవ నియమముగా దీనిని చేర్చుకొనుడి: నీరు తగ్గిన ఒండ్రు నేల మీద ఎవరును నడువరాదు, హద్దు తాడు ఆ నేలకు ఇవతలనే ఉండవలెను. ఎవరైనను దిగబడినచో పరుగెత్తిపోయి చేయి పట్టి లాగరాదు. కర్రయో, తాడో, బట్టయో అందించి, పడుకొనుమని చెప్పి మెల్లగా లాగవలెను.

పొయ్యి చుట్టూ

ఆ రాత్రి చిన్నవాడు తాత ప్రక్కను విడువలేదు. అన్నము తిని, దుప్పట్లు కప్పుకొని పొయ్యి చుట్టూ కూర్చున్నాము. వాడే అడిగినాడు: "తాతా, ఇది మీ రేగడి అన్నవు గదా, మీ ఊరు ఏ దిక్కు ఉన్నది?"

ఆయన చాలాసేపు ఊరకున్నారు. తరువాత చేతికర్రతో చీకటిలోకి చూపించి, "ఆ దిక్కు. నడిపి నీళ్ళల్ల" అన్నారు. ఇక మాటలు వచ్చినవి. ఇంటి ముందటి వేపచెట్టుకు ఉయ్యాల కట్టిన సంగతి, జొన్నకోతల వెన్నెల రాత్రులు, నదిలో చెలిమలు తీసి మంచినీళ్ళు తెచ్చిన సంగతి, ప్రార్థన గది దూలములను ఊడదీసి బండి మీద వేసుకొని వచ్చిన దినము, అప్పుడు మా ఇంటావిడ తల్లి ఒడిలో పసిపిల్లగా ఉండుట. మా ఇంటావిడకే అందులో సగము తెలియదు. అమ్మాయి ఫోను తీసి ఆయన మాటలను రికార్డు చేసినది. ఆ రాత్రి ఫోనుకు అంతకంటె మంచి పని లేదు.

చివరకు చిన్నవాడు, "తాతా, నీళ్ళ మీద నీకు కోపమా?" అని అడిగినాడు. పిల్లలు మాత్రమే అడుగగల ప్రశ్న అది. ఆయన, "నీళ్ళ మీద ఏం కోపం బిడ్డా. మస్తు మంది తాగుతుండ్రు. మాకు ఎవ్వరన్నా వచ్చి, మీ ఊరు ఎట్లుండె అని ఒక్కపారి అడుగకపాయె, గదే బాధ" అన్నారు.

అడుగనివారిలో మేమును ఉన్నాము. ఎన్నో ఇండ్లకు పోయి ఎందరి దుఃఖమునో విని ప్రార్థించిన మేము, మా ఇంటిలో ఐదేండ్లుగా ఒకే కంచము దగ్గర తినుచున్న ఆయనను అడుగలేదు. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో మాకు ఎక్కువ మాటలు రాలేదు. మామగారే ప్రార్థన చేసినారు. మునిగిన ఊరిలోని ఇండ్ల పేర్లన్నీ వరుసగా చెప్పి, ఆ కుటుంబములవారు ఎక్కడ ఉన్నను దేవుడు కాపాడవలెనని అడిగినారు. ఒక్క ఇంటిని కూడ మరువలేదు.

తెల్లవారిన తరువాత

ఉదయము పొగమంచు విడువగానే మామగారు నీళ్ళవైపు చాలాసేపు చూచినారు. తరువాత చిన్నవానిని తీసుకొని చేను గట్ల వెంట నడచి, ఏ మట్టి ఎట్లుండునో, పాదము పెట్టకముందే కర్రతో పొడిచి ఎట్లు తెలిసికోవలెనో నేర్పినారు. గలిలయ సరస్సు ఒడ్డున తెల్లవారిన తరువాత బొగ్గుల నిప్పు మీద చేపలు, రొట్టె సిద్ధము చేసి, అలసిన శిష్యులను భోజనమునకు పిలిచిన ప్రభువును యోహాను సువార్త చివర మనము చూచుచున్నాము. అక్కడ గద్దింపు కంటె ముందు భోజనము వచ్చినది. రాత్రి జరిగినదానికి చిన్నవానిని గద్దింతుమని అనుకున్న మేము, మిగిలిన జొన్నరొట్టెలు నిప్పుల మీద వెచ్చజేసి అందరికి పెట్టి ఊరకున్నాము.

మధ్యాహ్నము గుడారములు విప్పి, చెత్త సంచి కట్టుకొని, పొయ్యి గుంట పూడ్చి బయలుదేరినాము. మట్టి పట్టిన గొంగడిని ఉతుకుదామని ఇంటావిడ తీయబోగా మామగారు, "ఉండనీ, ఎండినంక దులుపుకుంట" అన్నారు. ఇప్పటికిని దాని అంచున ఆ నల్లమట్టి మరక ఉన్నది.

ప్రియ పాఠకులారా, మీరును మీ కుటుంబముతో ఇటువంటి యాత్రకు పోవుడి. పెద్ద ఖర్చు అక్కరలేదు, దూరదేశము అక్కరలేదు. అనుమతి తీసుకొనుడి, నీటికి దూరముగా ఉండుడి, మట్టిని నమ్మకుడి, పిల్లలను చూచు పనిని ఒక్క నిమిషమైనను విడువకుడి. ఇంటిలో వృద్ధులు ఉన్నచో వారిని ఇంటి కావలికి విడిచిపెట్టి పోవద్దు. వారికి మెత్తని పడక, వెచ్చని దుప్పటి, మందులు సిద్ధపరచి వెంట తీసుకొనిపోవుడి. పొయ్యి చుట్టూ కూర్చున్నప్పుడు, "మీ ఊరు ఎట్లుండె?" అని అడుగుడి.

మా అమ్మాయి హాస్టలుకు తిరిగి పోయినది. మొన్న ఫోనులో తాతను అడిగినదట: "మళ్ళ సంక్రాంతికి పోదామా తాతా?" ఆయన జవాబు మా చెవులతో విన్నాము.

"పోదాం. ఈసారి రెండు వెదురు కర్రలు ఎక్కువ తీసుకపోదాం."